నీటి దారి తెలిసిన ఇల్లు

విశాఖపట్నంలో మా ఇంటి పడకగదిలో, బీరువా వెనక గోడ మీద, ఒక శ్రావణమాసంలో అరచేతి వెడల్పు మరక కనిపించింది. వానలకు గోడ నెమ్మెక్కిందనుకున్నాం. సంక్రాంతికి పెచ్చులు గీకించి, పుట్టీ పెట్టించి, రంగు వేయించాం. మరుసటి శ్రావణానికి మరక మళ్లీ అదే చోట తేలింది, ఈసారి విస్తరాకంత. మళ్లీ గీకించాం, మళ్లీ రంగు వేయించాం. మూడో ఏడు బీరువా వెనక చెక్క ఉబ్బి, అడుగు అరలోని పట్టుచీరలకు బూజు పట్టింది. ప్లంబర్ని పిలవాలని అప్పుడుగానీ తోచలేదు.

ఆయన గోడవంక ఒక్కసారి చూసి, నేరుగా మేడమీది స్నానాలగదికి వెళ్లాడు. నేల మీది జాలీ ఊడదీసి, వెంట్రుకలూ సబ్బు జిడ్డూ కలిసిన నల్లటి ముద్దను వేళ్లతో బయటికి తీశాడు. లోపలికి టార్చి వేసి నన్ను వంగి చూడమన్నాడు. జాలీ అడుగున ఉండే నహానీ ట్రాప్ మూతికీ, చుట్టూ ఉన్న సిమెంటుకీ మధ్య గోరు దూరేంత సందు ఉంది. స్నానం చేసిన ప్రతిసారీ అందులోంచి చెంచాడు నీళ్లు స్లాబులోకి దిగుతున్నాయి. "గోడకి రంగేస్తే మరక దాక్కుంటాది మాస్టారూ, నీళ్లు దాక్కోవు కదండీ" అన్నాడు. ఆ సందు పూడ్చడానికి ఒక్క పూట పట్టింది.

మరి మూడేళ్లూ అది శ్రావణంలోనే ఎందుకు కనిపించింది? స్నానాలు ఏడాదంతా చేస్తూనే ఉన్నాం కదా! ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే మన వాతావరణంలో పైపుల సంరక్షణ సగం తెలిసినట్టే. చలికాలంలో, ఎండలు కాసే రోజుల్లో, గోడలోకి దిగిన ఆ చెంచాడు నీరు ఎప్పటికప్పుడు ఆవిరైపోతుంది. వానాకాలంలో గాలే తేమతో నిండి ఉంటుంది కాబట్టి గోడలోని చెమ్మకు పోయే దారి లేదు. ఇవాళ దిగింది ఆరకముందే రేపటిది దిగుతుంది. కారడం ఏడాది పొడవునా ఉంది, ఆరడం ఆగినప్పుడు మాత్రమే కంటపడింది. వానల్లో బయటపడే జబ్బుకు వానల్లో వైద్యం మొదలుపెడితే ఆలస్యమే. ఒక్కో కాలంలో ఒక్కో పని చేసుకుంటూ పోవాలి. నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క మాటే.

మూడు నీళ్లు, మూడు స్వభావాలు

ఇంట్లో మూడు రకాల నీళ్లు తిరుగుతాయి. వచ్చే నీరు, పోయే నీరు, పైనుంచి పడే నీరు. మూడింటి స్వభావాలూ వేరు.

వచ్చే నీటిది ఒత్తిడి. ట్యాంకు మూడో అంతస్తు మీద, అంటే దాదాపు 10 మీటర్ల ఎత్తున ఉంటే, కింది కుళాయి దగ్గర ప్రతి చదరపు సెంటీమీటరు మీదా సుమారు ఒక కిలో బరువు రాత్రింబవళ్లు నెడుతూనే ఉంటుంది. అందుకే ఈ పైపులో చిల్లు పడితే కారడానికి విరామం ఉండదు. కుళాయిలోంచి సెకనుకో బొట్టు పడుతుంటే మనం పెద్దగా పట్టించుకోం. మిల్లీలీటరుకు 20 బొట్లు చొప్పున లెక్క వేసినా రోజుకు 4 లీటర్లు దాటుతుంది, ఏడాదికి 1,500 లీటర్లు. పది రూపాయల వాషరు మార్చడానికి బద్ధకించినందుకు ఒకటిన్నర ట్యాంకు నీళ్లు పోయినట్టు.

పోయే నీటికి ఒత్తిడి లేదు. అది నమ్ముకున్నది వాటాన్నీ గాలినీ. 4 అంగుళాల మురుగు పైపుకు 40 అడుగుల దూరంలో ఒక అడుగు పల్లం ఉండాలనేది పాత మేస్త్రీల నుంచి ఇంజనీర్ల దాకా పాటించే లెక్క. వాటం తక్కువైతే నీళ్లు నెమ్మదించి మురికి అడుగున పేరుకుంటుంది. గాలి సంగతి చాలామందికి తెలియదు. గోడ వెంట మేడ దాటి పైకి లేచిన గొట్టం చూస్తుంటాం కదా, అది మురుగు పైపుకు ఊపిరి. దానికి పక్షి గూడు అడ్డం పడితే, పై అంతస్తువాళ్లు ఫ్లష్ నొక్కినప్పుడల్లా కింది స్నానాలగదిలో గుడగుడమని చప్పుడు వస్తుంది. ఆ లాగుడుకు ట్రాపులో నిలిచి ఉండాల్సిన నీరు పైపులోకి పోతుంది. ట్రాపులో రెండు అంగుళాల లోతున నిలిచే ఆ నీరే ఇంటికీ మురుగుకీ మధ్య మూత. అది పోతే దుర్వాసనా బొద్దింకలూ ఇంట్లోకి వస్తాయి.

పైనుంచి పడే నీటిది పరిమాణం. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. విశాఖ తీరంలో ఏడాదికి సుమారు 1,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అంటే 100 చదరపు మీటర్ల మేడ మీద లక్ష లీటర్లు! గంటకు 50 మిల్లీమీటర్ల కుంభవృష్టి పడితే ఆ గంటలోనే 5,000 లీటర్లు దిగాలి. మేడ మీది తూముకు ఎండుటాకులు అడ్డం పడితే ఆ బరువంతా స్లాబు మీద నిలిచినట్టే.

ఈ మూడూ ఒకదానితో ఒకటి కలవకూడదు. చాలా ఇళ్లలో ఖర్చు తగ్గుతుందని వాన నీటి గొట్టాన్ని తెచ్చి మురుగు ఛాంబర్లో కలిపేస్తారు. మామూలు వానకు ఏమీ కాదు. కుంభవృష్టి రోజున వీధి కాలువ నిండి, ఛాంబర్ నిండి, మేడ మీది నీళ్లు పోయే చోటు లేక వెనక్కి తిరుగుతాయి. నీరు పల్లమెరుగు. ఇంట్లో అన్నింటికన్నా పల్లం కింది అంతస్తు స్నానాలగది జాలీ. మురుగు అక్కడ పైకి తన్నుతుంది. వాన గొట్టాన్ని విడదీసి ఇంకుడు గుంతకో, సరైన వాన కాలువకో మళ్లిస్తే ఈ బాధ చాలావరకు పోతుంది. అప్పటికీ రోడ్డు ఎత్తు పెరిగి ఇల్లు పల్లంలో పడిపోయి ఉంటే, మురుగు బయటికి పోవడమే తప్ప లోపలికి రానివ్వని వాల్వు ఒకటి చివరి ఛాంబర్ దగ్గర పెట్టించుకోవాలి.

మరకను చదవడం

గోడ మీద చెమ్మ కనపడగానే సుత్తి పట్టుకోవద్దు. ముందు చూడండి. ఎక్కడ, ఎప్పుడు, ఎంత అన్న మూడు ప్రశ్నలకు జవాబులు పుస్తకంలో రాసుకుంటే, వారం రోజుల్లో గోడే తన కథ చెబుతుంది.

వాన పడినా పడకపోయినా, స్నానాలు చేసినా ఊరెళ్లి వచ్చినా మరక ఒకేలా తడిగా ఉంటే వచ్చే నీటి పైపును అనుమానించాలి. రాత్రి అందరూ పడుకున్నాక మోటారు ఆపి, కుళాయిలన్నీ కట్టేసి, ట్యాంకు లోపల నీటి మట్టం దగ్గర పెన్సిలుతో గీత పెట్టండి. తెల్లవారి ఎవరూ కుళాయి తిప్పకముందు చూడండి. మామూలు వెయ్యి లీటర్ల గుండ్రటి ట్యాంకులో మట్టం ఒక సెంటీమీటరు దిగితే దాదాపు 10 లీటర్లు ఎటో పోయినట్టు. మర్నాడు ట్యాంకు కింద ఉన్న వాల్వుల్లో ఒక్కోదాన్ని కట్టేస్తూ ఇదే పరీక్ష చేస్తే, వంటింటి లైనా, స్నానాలగది లైనా అన్నది తేలుతుంది.

ఈ పరీక్షలో తరచు దొరికే దొంగ గోడలో ఉండదు, ఫ్లష్ ట్యాంకులో ఉంటుంది. అందులో నాలుగు చుక్కల బట్టల నీలిమందు వేసి, అరగంట ఎవరూ నొక్కకుండా చూడండి. కమోడ్ గిన్నెలోకి నీలం దిగితే లోపలి రబ్బరు అరిగిందన్నమాట.

స్నానాల తర్వాత కొన్ని గంటలకు మరక ముదిరి, ఆ గది రెండు మూడు రోజులు వాడకపోతే తేలికపడితే, అది పోయే నీటి పని. మా ఇంటి జబ్బు ఇదే. జాలీ లోపల గుడ్డ బిగించి, గది నేల మీద అంగుళం ఎత్తు నీళ్లు నిలబెట్టి, గడప దగ్గర మట్టం గుర్తు పెట్టి కొన్ని గంటలు వదిలేయండి. మట్టం దిగి, కింద చెమ్మ పెరిగితే నేలలో లోపం. మట్టం దిగకపోతే, గుడ్డ తీసి ఆ నీళ్లు పోయేటప్పుడు కింద ఏమవుతుందో గమనించండి. అప్పుడు తడిస్తే లోపం పైపులో.

వాన పడిన కొన్ని గంటలకో, మర్నాటికో గాని కనపడకపోతే పైకప్పు, సన్‌షేడు, లేదా బయటి గోడ పగులు. స్లాబులో నీరు నిట్టనిలువుగా దిగదు. ఇనుప కడ్డీల వెంట, పగుళ్ల వెంట పక్కకు పాకి, నాలుగడుగుల అవతల బొట్టవుతుంది. అందుకే మరకకు సరిగ్గా పైన తవ్వితే చాలాసార్లు ఏమీ దొరకదు.

నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు దాకా మాత్రమే చెమ్మ ఉండి, పైన తెల్లగా ఉప్పు పొంగితే అది భూమిలోంచి ఎక్కే తడి. దానికి ప్లంబరు కన్నా మేస్త్రీ అవసరం. ఏసీ ఉన్న గోడకు ఎండాకాలంలో మరక వస్తే, ముందు దాని నీళ్లు పోయే సన్న గొట్టం చూడండి. తేమ గాలి వల్ల ఏసీ రోజుకు లీటర్ల కొద్దీ నీరు తీస్తుంది. ఆ గొట్టంలో పాచి జిగురు పట్టి మూసుకుంటే నీరు గోడలోకే తిరుగుతుంది. ఎటూ తేలకపోతే మరక మీద జానెడు పాలిథీన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అంటించి రెండు రోజులు ఉంచండి. గది వైపు చెమరిస్తే గాలిలోని తేమ, గోడ వైపు చెమరిస్తే గోడలోంచి వస్తున్న నీరు.

కార్తీకం దాటాక: మరమ్మతుల కాలం

కోస్తాలో నైరుతి వానలు జూన్ నుంచి సెప్టెంబరు దాకా, ఆ వెంటనే ఈశాన్య వానలూ తుపానులూ డిసెంబరు దాకా. విశాఖలో ఎక్కువ వాన పడే నెలల్లో అక్టోబరు ముందుంటుంది. కాబట్టి మన పైపుల సంవత్సరం ఉగాదికి కాదు, వానలు వెనకబట్టాక మొదలవుతుంది. మార్గశిరం నుంచి మాఘం దాకా గాలి పొడిగా ఉంటుంది, గోడలు ఆరుతాయి, మేస్త్రీలు దొరుకుతారు. టైల్స్ తీయాల్సిన పని, స్నానాలగది నేలకు వాటర్‌ప్రూఫింగ్, గోడలో పైపు మార్చడం, అన్నీ అప్పుడే చేయించండి. కారడం ఆపిన తర్వాత గోడ ఆరడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఆరని గోడకు రంగు వేస్తే ఆ తడి లోపలే చిక్కుకుని మళ్లీ పెచ్చులు లేపుతుంది.

పాత ఇళ్లలో ఇనుప జీఐ పైపులు ఇంకా ఉన్నాయి. తెల్లవారి మొదటి చెంబు నీళ్లు ఎర్రగా వస్తుంటే, అతుకుల దగ్గర మరల్ని తుప్పు తినేస్తోందని గుర్తు. సముద్రపు ఉప్పు గాలి ఈ తుప్పును తొందర చేస్తుంది. మార్చేటప్పుడు ఒక జాగ్రత్త. చన్నీళ్లకు పీవీసీ సరిపోతుంది కానీ, గీజరు, సోలార్ వేడి నీళ్ల లైనుకు సీపీవీసీయే వేయాలి. మామూలు పీవీసీ వేడికి మెత్తబడి, అతుకుల దగ్గర సాగి కారుతుంది. బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఇళ్లలో గీజరు లోపల తెల్లటి పొర గడుతుంది. తుప్పుకు తాను బలై ట్యాంకును కాపాడే మెగ్నీషియం కడ్డీ ఒకటి అందులో ఉంటుంది. ఏడాదికోసారి దాన్ని చూపించి, అరిగిపోతే మార్పించాలి.

మూడు నెలలకోసారి ఇంట్లోని ప్రతి వాల్వునూ పూర్తిగా కట్టి విప్పండి. ఏళ్ల తరబడి ముట్టని వాల్వు పట్టేస్తుంది. పైపు పగిలి ఇల్లంతా నీళ్లయిన రాత్రి అది తిరగకపోతే మనం చేయగలిగిందేమీ ఉండదు. ఏ వాల్వు దేనిదో పెయింటుతో పక్కనే రాయించి, ఇంట్లో పిల్లలతో సహా అందరికీ చూపించండి.

ఎండాకాలం, రోహిణి కార్తె

ఎండల్లో నీటి కష్టం కనపడుతుంది కానీ పైపుల కష్టం కనపడదు. మేడ మీద ఎండకు పడి ఉన్న పీవీసీ పైపు కొన్నేళ్లకు పెళుసై, చేయి తగిలితే విరిగే స్థితికి వస్తుంది. తెల్ల రంగు పూయించినా, పైన ఏదైనా కప్పినా ఆయుష్షు పెరుగుతుంది. సెలవులకు ఊరెళ్లేటప్పుడు, వాడని గదుల ట్రాపుల్లో నీరు ఎండిపోతుందని గుర్తుంచుకోండి. తిరిగొచ్చాక ఇల్లు కంపు కొడితే ముందు ప్రతి జాలీలో రెండు చెంబుల నీళ్లు పోయండి.

మే చివరి వారంలో వచ్చే రోహిణి కార్తె అసలైన గడువు. రెండు వారాల్లో మృగశిర, వెనకే ఆరుద్ర వస్తాయి. ఒక ఆదివారం దీనికే కేటాయించండి. మేడ ఊడ్చి తూముల్లో చేయి పెట్టి ఆకులు, ఇసుక, పాత గాలిపటం దారాలు తీయండి. తూము మీద గుండ్రటి జాలీ పెట్టండి. చదును జాలీ కన్నా పైకి ఉబ్బిన జాలీ మేలు, ఆకులు అడుగున పడ్డా నీరు పై నుంచి పోతుంది. వాన గొట్టాల అతుకుల దగ్గరా సన్‌షేడు మీదా మొలిచిన రావి మొక్కల్ని రెండాకులు ఉన్నప్పుడే వేరుతో సహా తీయండి. రావిని తుంచడానికి చేయి రాదంటే కుండీలో పెట్టి గుడికివ్వండి. గోడలో మాత్రం ఉంచకండి. వాన తడికి అది వేరు చొప్పించి, పెరిగేకొద్దీ పైపును పక్కకు నెడుతుంది.

సంపు మూత నేల మట్టానికే ఉంటే, అంచు కనీసం అర అడుగు లేపించండి. వీధిలో నిలిచిన నీళ్లు సంపులోకి దిగే దారి అదే. ఇంకో దారి కంటికి కనపడదు. మునిసిపాలిటీ నీళ్లు మన ఊళ్లలో రోజుకు గంటో రెండు గంటలో వస్తాయి. నీళ్లు ఆగాక పైపు ఖాళీ అయ్యేటప్పుడు లోపల పీల్పు పుడుతుంది. పైపు మురుగు కాలువను దాటే చోట చిన్న చిల్లున్నా ఆ మురుగును లోపలికి లాగేస్తుంది. మెయిన్ పైపుకు నేరుగా మోటారు బిగిస్తే ఆ పీల్పు మరీ ఎక్కువ. అందుకే అది తప్పు, మనకే కాదు వీధికంతా చేటు. ఇంటి కనెక్షన్ పైపు కాలువలోంచి వెళ్తుంటే వానలకు ముందే పైకి మార్పించండి. వానాకాలంలో నీళ్లు పట్టేటప్పుడు మొదటి రెండు బకెట్లు మొక్కలకు పోయండి.

ఆరుద్ర నుంచి తుపాను దాకా

వానలు మొదలయ్యాక పెద్ద పనులు లేవు, కనిపెట్టి ఉండటమే. స్నానాలగది కిటికీ తెరిచి ఉంచండి, లేదా గాలి లాగే ఫ్యాను పెట్టండి. మన తేమలో తలుపు మూసిన స్నానాలగది రెండు రోజులకు గానీ ఆరదు. ఆ తడికే టైల్స్ సందులు నల్లబడి, లోపలి సిమెంటు రాలుతుంది. రాలిన చోటే చెంచాడు చెంచాడుగా నీరు దిగుతుంది.

వారానికోసారి, ఫ్రైడే డ్రైడే అని ఆరోగ్య సిబ్బంది చెప్పే ఆ రోజున, నిలిచిన నీళ్లన్నీ పారబోయండి. డెంగ్యూ దోమ గుడ్డు నుంచి రెక్కలు రావడానికి వారం, పది రోజులు చాలు. పూల కుండీలు, కూలర్లు అందరూ చూస్తారు. ట్యాంకు నిండితే నీళ్లు పొర్లే గొట్టాన్ని ఎవరూ చూడరు. దానికి సన్న జాలీ గుడ్డ కట్టండి. సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టానికి కూడా కట్టండి, ఫైలేరియా తెచ్చే క్యూలెక్స్ దోమలకు ఆ ట్యాంకు పుట్టిల్లు.

నీళ్లు రంగు మారినా, వరద నీరు సంపులోకి దిగినా, ముందు మొత్తం తోడేసి, కడిగి, మళ్లీ నింపి బ్లీచింగ్ వేయాలి. వెయ్యి లీటర్లకు తాజా బ్లీచింగ్ పౌడరు రెండున్నర గ్రాములు. దాన్ని చిన్న గిన్నెలో నీళ్లతో ముద్దగా కలిపి, బకెట్లో పలచన చేసి, సున్నం అడుగుకు దిగాక పై తేట మాత్రం ట్యాంకులో పోసి కలపాలి. గంట ఆగాక వాడుకోవచ్చు. తాగే నీళ్లు మాత్రం ఆ రోజుల్లో కాచి చల్లార్చినవే.

తుపాను సంగతి వేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద విరుచుకుపడిన రోజున గంటకు 170, 180 కిలోమీటర్ల గాలులు వీచాయి. ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు లేకపోతే మోటారు లేదు, మోటారు లేకపోతే నీళ్లు లేవు. సంపు నిండా నీళ్లుండి కూడా బకెట్టుకు తాడు కట్టి తోడుకున్నాం. అప్పటి నుంచి మా ఇంట్లో హెచ్చరిక రాగానే చేసే మొదటి పని మేడ మీది ట్యాంకును అంచు దాకా నింపడం. ఖాళీ ప్లాస్టిక్ ట్యాంకు ఇద్దరు మోయగలిగినంత బరువే, గాలికి లేచిపోతుంది. వెయ్యి లీటర్లు నిండితే టన్ను బరువు. అదే దానికి లంగరు, అవే మనకు నాలుగు రోజుల నీళ్లు. ట్యాంకు మూతను తాడుతో బిగించండి. మేడ మీద ఎగిరిపోగల రేకులూ చెక్కలూ దించండి. అవి తగిలే పైపులు విరుగుతాయి.

చేయకూడని నాలుగు పనులు

సింకులోకి మరుగుతున్న గంజి వార్చకండి. వేడికి పీవీసీ పైపు సాగుతుంది, గంజి చల్లారాక లోపల జిగురై నూనెతో కలిసి గట్టిపడుతుంది. బాణలిలో మిగిలిన నూనెను కాగితంతో తుడిచి చెత్తలో వేయండి. సింకు నెమ్మదిస్తే మొదట కింద ఉండే సీసా లాంటి ట్రాపు ఊడదీసి కడగండి, తర్వాత రబ్బరు ప్లంజర్. ఆసిడ్ ఆఖరి మాట కూడా కాదు.

ఆసిడ్నీ బ్లీచింగునీ ఎప్పుడూ కలపకండి. ఒకటి పోసిన చోటే ఇంకొకటి పోసినా క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసిన స్నానాలగదిలో అది ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. కుళాయి మూతికి పట్టిన ఉప్పుకు ఆసిడ్ అక్కర్లేదు, నిమ్మ ఉప్పు నీళ్లలో రాత్రంతా నానబెడితే చాలు.

తడి గోడ మీది స్విచ్ ముట్టకండి. చెమ్మ స్విచ్‌బోర్డు దాకా వస్తే మెయిన్ ఆపి, ఎలక్ట్రీషియన్ని పిలిచాకే ప్లంబరు పని. గీజరు, మోటారు ఉన్న లైనుకు 30 మిల్లీఆంపులకే తెగిపడే ఆర్‌సీసీబీ ఉందో లేదో ఆ రోజే అడగండి.

నాలుగోది అన్నింటికన్నా ముఖ్యం. సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దించకండి. లోపల హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ పేరుకుని ఉంటాయి. దిగినవాడికి అరిచే వ్యవధి కూడా ఉండదు, కాపాడదామని దూకిన రెండోవాడూ పోతాడు. 2013 నాటి చట్టం దీన్ని నేరంగా నిషేధించింది. చట్టం లేకపోయినా ఒక మనిషిని మన మురికిలోకి దించే హక్కు మనకెక్కడిది? రెండు మూడేళ్లకోసారి మిషను లారీని పిలిపించి తోడించాలి, అది కూడా వానలకు ముందే. వానల్లో భూమి నీటితో నిండి ఇంకడం ఆగిపోతుంది కాబట్టి నిండిన ట్యాంకు అప్పుడే పొర్లుతుంది. కోనసీమలా నీరు పైపైనే ఉండే చోట్ల రెడీమేడ్ ప్లాస్టిక్ ట్యాంకును వానల్లో పూర్తిగా ఖాళీ చేస్తే, కింది నీటి ఒత్తిడికి అదే పైకి తేలివస్తుంది.

ఒక బకెట్టు నీళ్లు

ఇవన్నీ ఒక్కరోజులో చేసే పనులు కావు, ఒక్కరు చేసేవీ కావు. కొత్తగా ఇల్లు కట్టేవాళ్లయితే, టైల్స్ అంటించకముందు ప్రతి గోడకూ ఎదురుగా నిలబడి పైపులు కనపడేలా ఫోటోలు తీసి దాచుకోండి. పదేళ్ల తర్వాత గోడ తవ్వాల్సి వస్తే అవి దస్తావేజులంత విలువైనవి. పాత ఇంటివాళ్లయితే, మంచి ప్లంబరు వచ్చినప్పుడు పక్కన నిలబడి చూడండి, అడగండి, ఆయన చెప్పింది తేదీ వేసి రాసుకోండి. మా ఇంట్లో ఆ పుస్తకం ఇప్పుడు కరెంటు బిల్లుల పక్కనే ఉంటుంది.

ఎక్కడ మొదలుపెట్టాలని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఒకటే. ఇది ఏ నెల అయినా సరే, రేపు పొద్దున ఒక బకెట్టు నీళ్లు మేడ మీదికి తీసుకెళ్లి, తూముకు దూరంగా, మూలన పోయండి. పక్కన కూర్చుని చూడండి. ఎటు వెళ్తున్నాయి, ఎక్కడ ఆగుతున్నాయి, ఎంతసేపటికి తూము చేరుతున్నాయి, కింద ఎక్కడ దిగుతున్నాయి? ఆగిన చోట సుద్దముక్కతో గీత గీయండి. మీ ఇంటికి కావలసిన మరమ్మతుల్లో మొదటిది ఆ గీత దగ్గరే ఉంది.